కుర్చీలో కొండెక్కిన ప్రూఫ్‌రీడరు

ఆ రోజు ఏమేం చెయ్యాలో టీచరమ్మ ముందురోజే కాగితం మీద రాసి లాడ్జి గదిలో అద్దానికి అంటించింది. ఏడింటికి కొండ. పదకొండింటికి బీచ్. ఒంటిగంటకి రేవు దగ్గర బొగ్గుల మీద కాల్చిన చేపతో భోజనం. సాయంత్రం ఊరికి అటువైపున్న ఇంకో బీచ్. యాత్రలో అది నలభై ఒకటో రోజు.

ఆవిడ ముప్ఫై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైంది. భర్త అచ్చాఫీసులో ప్రూఫ్‌రీడరు. అంతకాలమూ ఒకే బల్ల ముందు కూర్చుని ఇతరుల తప్పులు దిద్దాడు. ఆసియాలో ఐదు దేశాలు, డెబ్బై రోజులు తిరుగుదామనుకున్నప్పుడు భార్య ముఖంలో వెలుగు చూసి ఆయన నోరు జారాడు. "ఇన్నాళ్లూ కూర్చునే బతికాను. ఇక కాళ్లున్నంతవరకూ నడుస్తాను" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికి పదకొండు బీచ్‌లు, తొమ్మిది కొండలు అయ్యాయి. వీపు మీద చర్మం రెండుసార్లు ఊడింది. ఏ ఊళ్లో తిన్న తిండి ఆ ఊళ్లో అరిగేలోగా ఇంకో ఊరు వచ్చేది.

పదో కొండ లాడ్జి గుమ్మంలోంచే కనబడుతోంది. దాన్ని చూడగానే ఆయనకు నీరసం వచ్చింది. రానని చెబితే ఆవిడ మనసు కష్టపడుతుంది. మెట్ల మీద కూర్చుని బూటు తొడుక్కుంటూ, ఎప్పుడూ అబద్ధమాడి ఎరగని ఆ మనిషి "అబ్బా" అన్నాడు.

"ఏమైంది?"

"మడమ మడతపడింది."

"ఏ కాలు?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఎడమది" అన్నాడు.

టీచరమ్మ ముఖంలో ఏదో కదిలి మాయమైంది. దిగులు కాబోలనుకుని ఆయన తల దించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే లాడ్జి యజమానురాలు కొండ మీదికి కట్టిన పొద్దుటి తిండి మూటతో వచ్చింది. తెల్లారకముందే లేచి వండిందట. వీళ్ల భాష ఆవిడకు రాదు, ఆవిడ భాష వీళ్లకు రాదు. ఆవిడ మెడలో వేలాడే ఫోను ఎవరి మాట వాళ్లకు మార్చి చెబుతుంది. వండిన మనిషిని నొప్పించకూడదని టీచరమ్మ ఫోనులోకి వంగి మర్యాదగా చెప్పింది. "ఏమీ అనుకోకండమ్మా. ఈయన ప్రాణమంతా ఆ కొండ మీదే ఉంది. ఏం లాభం, ఇక పోయే యోగం లేదు."

ఫోను కాసేపు ఆలోచించింది. ప్రాణం, కొండ, పోవడం, ఈ మూడింటినీ తనకు తోచినట్టు పేర్చుకుని, ఈయన పోయేలోగా ఆ కొండ చూడాలన్నదే ఆఖరి కోరిక అని ఆవిడ భాషలో చెప్పింది. దంపతులకు ఆ సంగతి తెలియదు. యజమానురాలు మాత్రం మూట కింద పెట్టి, ప్రూఫ్‌రీడరు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆయన మడమకు గట్టిగా కట్టు కట్టి, వీధిలోకి పరుగెత్తింది.

అరగంటలో నలుగురు జాలరులు వచ్చారు. దర్జీ కొట్టులోంచి చేతుల కుర్చీ తెచ్చి, రెండు పక్కలా పడవ గెడలు కట్టారు. వాళ్లలో పెద్దవాడు, నెరిసిన మీసాలాయన, ప్రూఫ్‌రీడరు ముందు తల వంచి నిలబడ్డాడు.

"ఎక్కండి. మేం మోస్తాం" అంది ఫోను.

"వద్దు బాబూ. నేను గదిలో పడుకుంటాను."

అది విని నెరిసిన మీసాలాయన ప్రూఫ్‌రీడరు భుజం తట్టాడు. "పడుకోవడానికి ముందు చాలా కాలం ఉంది" అంది ఫోను.

ప్రూఫ్‌రీడరు భార్య వైపు చూశాడు. ఆవిడ గొంతు తగ్గించి, "ఇంత అభిమానంగా వస్తే కాదంటే బాగుండదండీ" అంది. ఆవిడ గొంతులో ఉత్సాహమేమీ లేదు.

కుర్చీ వీధిలోకి వచ్చేసరికి దుకాణాల వాళ్లు పని ఆపి గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. మంగలి సబ్బు నురగ అంటిన చేత్తోనే టోపీ తీశాడు. అతని దగ్గర గడ్డం గీయించుకుంటున్న మనిషి సగం గడ్డంతో వెంట నడిచాడు. ఒక పళ్లమ్మాయి కుర్చీలో నాలుగు పళ్లు పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయింది. కొండ మొదట్లోకి చేరేటప్పటికి వెనక ఇరవైమందికి పైగా ఉన్నారు. ఒక్కరూ గట్టిగా మాట్లాడటం లేదు. మడమ మడతపడితేనే ఇంత చేస్తున్నారే, ఎంత మంచి జనమో అనుకుని ప్రూఫ్‌రీడరు సిగ్గుతో చచ్చిపోయాడు. మోసేవాళ్ల మెడ నరాలు ఉబ్బినప్పుడల్లా కుర్చీలో బరువు తగ్గించుకోవాలని ఊపిరి బిగబట్టాడు.

శిఖరం మీద ఆయన్ను సముద్రం వైపు తిప్పి కూర్చోబెట్టారు. నీళ్లు ఎండకు తళతళలాడుతున్నాయి. రేవులో పడవలు గింజల్లా కనబడుతున్నాయి. యజమానురాలి తల్లి, కర్ర పట్టుకుని అంత కొండా ఎక్కిన ముసలావిడ, చేప ముక్క ముల్లు తీసి ఆయన నోట్లో పెట్టింది. ఆ తర్వాత ఫోను అందుకుంది.

"ఇంకా ఎన్ని రోజులున్నాయి?"

ఆయన యాత్ర లెక్క వేసుకున్నాడు. "ఇరవై తొమ్మిది."

"అంత కచ్చితంగా చెప్పేశారా?"

"ముందే ఖాయం చేసేశారమ్మా. మార్చడానికి లేదు."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది, ఇంటికే."

ముసలావిడ సముద్రం కేసి చూస్తూ తలూపింది. "అందరం అక్కడికే. ఆవిడ ఏం చేస్తుంది మరి?"

"ఆవిడ్ని వదిలి ఎలా వెళ్తాను? ఇద్దరం కలిసే వెళ్తాం. ఆ ఏర్పాటూ అయిపోయింది."

ఫోను ఆ మాట చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్లు కదలకుండా ఉండిపోయారు. సగం గడ్డం మనిషి మొహం పక్కకు తిప్పుకున్నాడు. యజమానురాలు వెళ్లి టీచరమ్మను గట్టిగా కౌగిలించుకుంది. ఎందుకో తెలియకపోయినా టీచరమ్మ కూడా ఆవిడ వీపు నిమిరింది.

దిగేటప్పుడు ప్రమాదం జరిగింది. ముందు గెడ పట్టుకున్న నెరిసిన మీసాలాయన కాలి కింద రాయి దొర్లింది. ఆయన పక్కకు పడి, లోయ అంచు వైపు జారాడు. ప్రూఫ్‌రీడరు కుర్చీలోంచి ఒక్క దూకు దూకాడు. నాలుగడుగుల్లో చేరుకుని చొక్కా పట్టుకుని, బండకు కాళ్లు తన్నిపెట్టి ఆయన్ను పైకి లాగాడు. మీసాలాయన మడమ నిజంగానే వాచిపోతోంది. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, ఖాళీ అయిన గెడ కింద తన భుజం పెట్టి, "నడవండి, నడవండి" అన్నాడు. ప్రూఫ్‌రీడరు మడమ కట్టు ఊడిపోయి వెనక తోకలా ఈడ్చుకుపోతోంది.

పది అడుగులు వేశాక గాని ఎవరూ తనతో నడవటం లేదని ఆయనకు తెలియలేదు. అందరూ ఉన్నచోటే నిలబడి ఆయన కాళ్ల వంక చూస్తున్నారు. ముసలావిడ కర్ర వదిలేసి చేతులు పైకెత్తింది.

"పోయే ప్రాణం తిరిగొచ్చింది" అంది ఫోను.

"ఎవరి ప్రాణం?" అంది టీచరమ్మ.

యజమానురాలు పొద్దుటి మాటలు ఫోనులో వెతికి, మళ్లీ తెలుగులోకి మార్చి వినిపించింది. విని టీచరమ్మ దగ్గర్లోని రాయి మీద చతికిలబడింది. ప్రూఫ్‌రీడరు ఆవిడ ముందు నిలబడ్డాడు.

"నాకు మడమ మడతపడలేదు. నడవలేక అబద్ధమాడాను."

ఆవిడ రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుంది. "నాకు మోకాళ్లు పదిహేను రోజులుగా నొప్పండీ" అంది. "పొద్దున మీరు మడమ అనగానే, చెప్పకూడదు గానీ, సంతోషించాను."

"మరి రోజూ ఆ కాగితాలెందుకు అంటించావు?"

"మీరు నడుస్తానన్నారుగా."

"కొండలంటే నీకిష్టమని అన్నాను."

"మ్యాపులో ఇష్టం" అంది టీచరమ్మ.

ఆయన ఆ రాయి మీదే పక్కన కూర్చున్నాడు. నలభై ఒక్క రోజుల్లో ఇద్దరూ ఏ పనీ లేకుండా పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. కాసేపటికి ఆయన లేచి, యజమానురాలి ఫోను అడిగి తీసుకుని, జబ్బు లేదనీ, చావు లేదనీ, అంతా తన బద్ధకమేననీ, క్షమించమనీ ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. ఈసారి ఫోను ఒక్క తప్పు కూడా చెయ్యలేదు.

యజమానురాలు అంతా శ్రద్ధగా విని ఆయన చెయ్యి నిమిరింది. "నయమైనవాళ్లు మొదట్లో ఇలాగే నమ్మలేరు" అంది.

మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ వాళ్లు ఆ ఊళ్లోనే ఉండిపోయారు. కొండ ఎక్కలేదు. పొద్దున్నే ఒకే బీచ్‌కి వెళ్లి ఒకే చెట్టు నీడన కూర్చునేవారు. మధ్యాహ్నం ప్రూఫ్‌రీడరు నెరిసిన మీసాలాయన ఇంటికి వెళ్లి, ఆయన కాలికి వేడినీళ్ల కాపడం పెట్టి, ఆ ఇంట్లో ఏం వండితే అది తినేవాడు. మీసాలాయన లేచి నడిచిన రోజున ముగ్గురూ కలిసి రేవు దాకా వెళ్లి కాల్చిన చేప తిన్నారు.

ఆరు నెలల తర్వాత యజమానురాలి దగ్గర్నుంచి ఫోనులో కబురొచ్చింది. ఆ కొండ సంగతి చుట్టుపక్కల ఊళ్లకు పాకిందట, ఇప్పుడు వారానికి నాలుగైదు కుర్చీలు పైకి ఎక్కుతున్నాయట. రోగుల్లో ఇంతవరకూ ఎవరికీ నయం కాలేదు గానీ, మోసేవాళ్లందరూ మంచి ఆరోగ్యంగా ఉన్నారట.