ఎల్సీ జాడీ

శనివారం పొద్దున ఆఫీసును మేడ మీదినుంచి కిందికి దించి, మధ్యాహ్నానికల్లా అందరికీ టీ ఇచ్చి ఇళ్ళకు పంపేయాలన్నది రోవెనా బిర్కెట్ ఆలోచన. వైట్‌హేవెన్ రేవులో నీళ్ళను ఆపే తలుపులనూ చుట్టుపక్కల పాత వంతెనలనూ బాగుచేసే ఆ చిన్న సంస్థలో ఆమె అప్రెంటిస్. వారానికి ఒకరోజు కార్లైల్ కాలేజీకి వెళ్ళి ప్రాజెక్టు మేనేజ్‌మెంటు పాఠాలు వినాలి. మిగతా రోజులు ఆఫీసులో పనిచేయాలి. చివరికి డిగ్రీ వస్తుంది. ఫీజు సంస్థే కడుతుంది, పైగా జీతం కూడా ఇస్తుంది. స్నేహితురాళ్ళందరూ లీడ్స్‌లోనూ మాంచెస్టర్‌లోనూ హాస్టళ్ళలో చేరి ఫొటోలు పంపుతుంటే, రోవెనా ఇనప టోపీ పెట్టుకుని వానలో వంతెనలకింద నిలబడేది.

"చదువుకుంటున్నట్టా, కూలికెళ్తున్నట్టా?" అని అన్న ఏడిపించేవాడు.

"రెండూ. నువ్వు రెండిట్లో ఏదీ చెయ్యట్లేదుగా, నీకెందుకు?" అనేది ఆమె.

ఆఫీసు దించడం ఆమెకు అప్పగించిన మొదటి ప్రాజెక్టు. ఆమెను పనిలో ఉంచాలో వద్దో ఆ నెలాఖరుకు మోరాగ్ తేల్చాలి. మోరాగ్ ఆ సంస్థలో పెద్ద మేనేజరు, స్కాట్లండు మనిషి. మెచ్చుకోవలసి వస్తే గొంతు సవరించుకుని ఊరుకునేది.

పని సాఫీగానే సాగింది. కిందికి వెళ్ళవలసినవి వెళ్ళాయి. ఎవరివీ కానివి, పాత సామాన్లు అమ్మి ముసలివాళ్ళకు సాయం చేసే దుకాణం వాళ్ళ వ్యానెక్కాయి. కిటికీ గట్టుమీద దుమ్ము పట్టిన నీలం జాడీ ఒకటి మూతతో సహా కనిపించింది. చాలా బరువుంది. ఇదెవరిదని అడగడానికి అప్పుడు అక్కడ ఎవరూ లేరు. రోవెనా దాన్ని తుడిచి మరీ వ్యాన్లో పెట్టించింది.

మధ్యాహ్నం టీ కప్పుతో కిందికి వచ్చిన గ్లెన్ కొత్త గది కిటికీలన్నీ చూశాడు. గ్లెన్ వెల్డింగు పనులు చూసే పెద్దమనిషి.

"ఎల్సీ ఏదమ్మా?"

"ఎల్సీ ఎవరు?"

గ్లెన్ కప్పు కింద పెట్టాడు. "కిటికీలో నీలం జాడీ. అందులో ఉన్నది ఎల్సీ. మన ఎడ్విన్ భార్య. ఆవిడ బూడిద."

ఎడ్విన్ స్కెల్టన్ ఆ ఆఫీసులో అందరికంటే పాత ఇంజనీరు. నెమ్మదైన మనిషి. ఆ వారం సెలవు పెట్టి మాన్ దీవికి వెళ్ళాడు. కొన్నేళ్ళకిందట ఆయన ఆ జాడీని ఇంటినుంచి తెచ్చి కిటికీలో పెట్టాడు. ఎల్సీ ఎలా ఉందని ఎవరో అడిగితే, "పోయింది" అన్నాడు. జాడీ వైపు చూసి, "అది ఎల్సీదే" అన్నాడు. అంతకుమించి అడగడం మర్యాద కాదని ఎవరూ అడగలేదు. అప్పటినుంచి ఆ గదిలో ఎవరూ గట్టిగా పోట్లాడుకోలేదు. క్రిస్మస్‌కు జాడీ పక్కన ఎర్ర పళ్ళున్న చిన్న హోలీ చెట్టు కొమ్మ పెట్టేవారు. ఇదంతా కొత్తవాళ్ళకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"నాకెవరూ చెప్పలేదే!" అంది రోవెనా ఏడుపు ఆపుకుంటూ.

"చెప్పుకునే విషయమా తల్లీ అది?" అన్నాడు గ్లెన్.

ఇద్దరూ దుకాణానికి పరుగెత్తారు. జాడీ అప్పటికే అమ్ముడుపోయింది. కొన్నది హిల్డా. పార్కులో పచ్చికమీద బంతులు దొర్లించే ముసలివాళ్ళ క్లబ్బుకు అధ్యక్షురాలు. వాళ్ళు వెళ్ళేసరికి హిల్డా క్లబ్బు వరండాలో ఆ జాడీలోనే డాఫడిల్ పూలు సర్దుతోంది.

"ఇందులో ఉన్నదేం చేశారండీ?" అంది రోవెనా.

"ఎవరో పాపం మంచి ఎరువు దాచుకున్నట్టున్నారు. మా గులాబీలకు చల్లేశా. ఏం, కావాలా?"

గ్లెన్ టోపీ తీశాడు. సంగతి విన్న హిల్డా పూలతోపాటు కుర్చీలో కూలబడింది. "అయ్యో, నేను చేత్తో చల్లానే! చేతులు కడుక్కోకుండా బిస్కట్టు కూడా తిన్నాను!"

తిరిగి వచ్చే దారిలో గ్లెన్ ఒక ఉపాయం చెప్పాడు. "మా ఇంట్లో బార్బెక్యూ పొయ్యి నిండా బూడిదే. జాడీ తెచ్చి నింపేద్దాం. ఎడ్విన్‌కి ఎలా తెలుస్తుంది?"

"ఆయన భార్య ఉన్నచోట మీ సాసేజీల బూడిద పెడదామా?" అంది రోవెనా. "నా ఉద్యోగం పోతే పోనీ. ఆయనకు నేనే చెప్తాను."

ఫోను చేసింది. అవతల గాలి హోరు, సముద్రపు పక్షుల అరుపులు.

"ఎడ్విన్ గారూ, నావల్ల పెద్ద తప్పు జరిగిపోయింది. ఎల్సీ గారు... క్లబ్బులో గులాబీ మొక్కల్లో..."

"ఏంటీ? గులాబీలా? ఎల్సీకి గులాబీలంటే ప్రాణం! ఉండు, తనకి కూడా చెప్తా. రేపు పొద్దున్నే పడవెక్కుతున్నాం ఇద్దరం. సాయంత్రానికి అక్కడుంటాం." ఫోను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

రోవెనా గ్లెన్ వైపు తిరిగింది. "ఆవిడతో చెప్తాడట. ఇద్దరూ వస్తారట."

"దిగులుతో మతి చలించింది పాపం," అన్నాడు గ్లెన్.

ఆ మాట హిల్డాకు చేరింది. హిల్డా నుంచి క్లబ్బంతటికీ పాకింది. ఆదివారం ప్రార్థన అయ్యేసరికి పాస్టరు గారికి కూడా తెలిసింది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. మనిషి దుఃఖం ముందు చేయగలిగింది చేయాలన్నారంతే. బంతులాట రద్దయింది. గులాబీ మడి చుట్టూ నల్ల తాడు కట్టారు. 'ఎల్సీకి, కన్నీటితో' అని రిబ్బను మీద రాయించి పూలచక్రం తెచ్చారు. మతిచలించిన మనిషికి వేడిగా ఏదన్నా పెట్టాలని ఒకావిడ మాంసం కూర వండి తెచ్చింది. మోరాగ్ నల్లకోటు వేసుకుని వచ్చి రోవెనా పక్కన నిలబడింది. అలా నిలబడేకంటే తిట్టినా బాగుండునని రోవెనాకు అనిపించింది.

సాయంత్రం రైలు వచ్చే వేళకు పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఎల్సీని ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా ఆమె మౌనంగా, ఓర్పుగా, ఎవరినీ ఏమీ అడగకుండా బతికిందని చెప్పారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

పార్కు గేటు దగ్గర ఎడ్విన్ కనిపించాడు. పక్కన ఎర్ర వానకోటు వేసుకున్న పొట్టి ముసలావిడ. ఆయన జనం మధ్యకు వచ్చేలోపే చెప్పేయాలని రోవెనా ఎదురు పరుగెత్తింది. రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. జాడీ తనే పంపేసిందనీ, ఎవరినీ అడగలేదనీ, శిక్ష ఏదైనా తనకేననీ. చెప్పి ముసలావిడవైపు తిరిగి, "మీరు ఆయనకు తోడుగా వచ్చారు. చాలా మంచిపని. అక్కగారా?" అంది.

"అక్కేంటమ్మా?" అన్నాడు ఎడ్విన్. "ఎల్సీ."

ప్రార్థన ఆగిపోయింది. ఎల్సీ తాడు దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు పెట్టుకుని, రిబ్బను మీది మాట మెల్లగా చదివింది. గ్లెన్ తడి గడ్డిలోనే కూర్చుండిపోయాడు.

"ఎడ్విన్," అంది ఆవిడ, "నేనెక్కడికి వెళ్ళానని చెప్పావు వీళ్ళకి?"

"పోయిందన్నాను. పోయావుగా! నాతో పోట్లాడి మాన్ దీవిలో మీ చెల్లెలింటికి పోలేదూ?"

"ఆ ముక్క మొత్తం చెప్పొచ్చుగా!"

"ఎవరూ అడగలేదే! తిరిగి రమ్మని నిన్ను బతిమాలడానికి ఇన్నేళ్ళూ సెలవు దొరికినప్పుడల్లా రాలేదూ? ఈసారికి ఒప్పుకున్నావు. ఇంతలో వీళ్ళు..." ఎడ్విన్ నల్ల తాడును చూపించాడు.

మోరాగ్ ముందుకు వచ్చింది. "అయితే ఆ జాడీలో ఉన్నదెవరు?"

"ఎవరూ లేరు. జాడీ ఎల్సీది, వదిలేసి వెళ్ళింది. మంచు పడ్డప్పుడు మన ఇనప మెట్లమీద చల్లడానికి ఉప్పు పోసుకున్నా అందులో. మీరంతా వచ్చేలోపే చల్లేసేవాణ్ణి. మీరెవరూ జారిపడలేదంటే ఎందుకనుకున్నారు?"

"ఉప్పా?" హిల్డా గొంతు పార్కంతా వినిపించింది. "నా గులాబీల్లో జాడీడు ఉప్పా?"

అంతవరకు మౌనంగా ఉన్నవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎడ్విన్‌దే తప్పని కొందరు, చూడకుండా చల్లినవాళ్ళదేనని కొందరు. పూలచక్రం ఖర్చు సంగతి ఒకాయన ఎత్తాడు. హిల్డా ఏడ్చేసింది. ఆ మొక్కలు ఆమె భర్త నాటినవి, ఆయన నిజంగానే పోయాడు.

హిల్డా ఏడుపు చూశాక రోవెనాకు తన భయం గుర్తు రాలేదు. నల్ల తాడు లాగి పారేసింది.

"ఇక్కడ బకెట్లెక్కడున్నాయి? గ్లెన్, కొళాయికి గొట్టం తగిలించండి. మీరంతా పైమట్టి గీకి ఈ గోనెల్లో వేయండి, ఉప్పు రాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. వేళ్ళు తగలనివ్వకండి. ఎడ్విన్ గారూ, నీళ్ళు ఆ చివరినుంచి బయటికి పోయేలా చిన్న కాలవ తీయగలరా? పాస్టరు గారూ, మీరు ఆ బకెట్టు ఇటు అందించండి."

పాస్టరు గారు అంగీ పైకి దోపుకుని బకెట్టు అందించారు. మోరాగ్ నల్లకోటు విప్పి మోకాళ్ళమీద కూర్చుంది. చీకటి పడేదాకా మట్టి గీకారు, నీళ్ళు పోశారు. మతిచలించినాయన కోసం వండిన కూరను అందరూ నిలబడే తిన్నారు. తన సంతాప సభలో మట్టి తవ్వినావిడ ఎల్సీ ఒక్కతే అయి ఉంటుంది. హిల్డా చేయి పట్టుకుని, "బతుకుతాయిలే. నేను రోజూ వచ్చి చూస్తాను," అని ఆవిడే ధైర్యం చెప్పింది. రెండు మొక్కలు మాడిపోయాయి. మిగతావి బతికాయి.

సోమవారం మోరాగ్ కొత్త గదిలోకి పిలిచింది. రోవెనా ఇనప టోపీ చేతిలో పట్టుకునే వెళ్ళింది, తిరిగి ఇచ్చేయాల్సి వస్తుందేమోనని.

"అడక్కుండా ఇంకొకళ్ళ వస్తువు పంపించావు. అది తప్పు," అంది మోరాగ్. "చెప్పాల్సింది మేం చెప్పలేదు. అది మా తప్పు. అబద్ధంతో తేలిగ్గా పోయేదాన్ని నువ్వు నిజం చెప్పి ఇంతదాకా తెచ్చావు." ఆగింది. గొంతు సవరించుకుంది. "వచ్చే నెలనుంచి రేవు తలుపుల పనిలో నాతో ఉండు."

ఆ ఏడాది కార్లైల్‌లో మౌఖిక పరీక్షప్పుడు, నీ మొదటి ప్రాజెక్టులో ముందుగా ఊహించలేకపోయిన ప్రమాదం ఏమిటని అడిగారు. చనిపోయినావిడ బతికి ఉండడం అని రోవెనా చెప్పింది. అలాంటిది అరుదని పరీక్షకుడు ఒప్పుకున్నాడు.