మెట్టవీధి ట్యాంకరుకి కొక్కెం

చింతగెడ్డ మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరుకి కొక్కెం అరిగిపోవడంతో, కొత్తది వచ్చేదాకా ఆ స్థానంలో పైడిరాజుని బిగించారు.

అంతకుముందు పైడిరాజు అదే మున్సిపాలిటీలో కుళాయి వాల్వులు తిప్పేవాడు. ఔట్‌సోర్సింగు ఉద్యోగం. మనిషి పొడగరి, చేతులు మనిషికంటే పొడుగు. వాల్వు బిగుసుకుపోతే పానా లేకుండా చేత్తోనే తిప్పేస్తాడని పేరు. ఆ పేరు తర్వాత అతనికి పనికొచ్చింది.

పాత కొక్కెం చాన్నాళ్లుగా బాగోలేదు. ట్రాక్టరు వెనకుండే కొక్కేనికీ, ట్యాంకరు ముందుకి పొడుచుకొచ్చిన దూలం చివరుండే కన్నానికీ మధ్య బొటనవేలు దూరేంత సందు వచ్చింది. పిన్ను ఎక్కడో జారిపోతే డ్రైవరు గవర్రాజు దాని బదులు గునపం ముక్క దోపి, పైన తీగ చుట్టాడు. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకరు వెనకనుంచి వచ్చి ట్రాక్టరుని గుద్దేది. మెట్టవీధి ఎత్తు ఎక్కుతుంటే అటూ ఇటూ ఊగేది. కొత్తగా బదిలీ మీద వచ్చిన అసిస్టెంటు ఇంజనీరు సుభాషిణి బండి కిందికి దూరి చూసింది. కొక్కెం మెడ దగ్గర పగులు ఉంది. దీనికి వెల్డింగు పెట్టి నెట్టుకురావడం కుదరదు, కొత్తది వెయ్యాల్సిందే, అంతవరకు బండి కదలకూడదు అంది. ఆమె మాట తప్పని ఎవరూ అనలేదు. బండి ఆగింది. మెట్టవీధికి నీళ్లు కూడా ఆగాయి.

రెండు రోజులు చూసి మెట్టవీధి ఆడవాళ్లు బిందెలు పట్టుకొచ్చి మున్సిపాలిటీ గేటు ముందు అడ్డంగా పేర్చి కూర్చున్నారు. కమిషనరుగారు బయటికొచ్చారు. ఆ సమయానికి సుభాషిణి పగిలిన చోటు చూపించడానికి కొక్కెం విప్పించింది. దూలం ఆమె కాలిమీద పడకుండా పైడిరాజు ఒక చేత్తో దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. తూలిపోకుండా రెండో చేత్తో ట్రాక్టరు వెనక ఇనుప పలకని పట్టుకున్నాడు.

కమిషనరుగారు కాసేపు చూశారు.

"ఇప్పుడు రెండూ కలిసే ఉన్నాయిగా?" అన్నారు.

"పైడిరాజు పట్టుకున్నాడు కాబట్టి ఉన్నాయి సార్," అంది సుభాషిణి.

"మరి ఇంకేం? పోనివ్వండి."

గవర్రాజు సీటెక్కి వెనక్కి తిరిగి, "బావా, గట్టిగా పట్టు," అని గేరు వేశాడు. ట్యాంకరు బుద్ధిగా వెనకాలే వెళ్లింది. ఆడవాళ్లు లేచి, బిందెలు తీసుకుని, దాని వెనకే నడిచారు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. కొత్త కొక్కెం సరఫరా అయ్యేవరకు కార్యాలయంలో అందుబాటులో ఉన్న వనరుతో పని జరిపించవలసింది అని అందులో ఉంది.

సుభాషిణికి ఇది నచ్చలేదు. కానీ చెయ్యక తప్పని పనైనా సరిగ్గా చెయ్యాలన్నది ఆమె పద్ధతి. కొక్కెం కొలతా కన్నం కొలతా సరిపోవాలి కాబట్టి పైడిరాజు పిడికిలిని కన్నంలో పెట్టించి చుట్టూ చూసింది. ఎక్కడా సందు లేదు. పాతదానికంటే బాగానే కుదిరింది. రోజూ పొద్దున్నే ట్యాంకరు చక్రాల కింద రాళ్లు పెట్టించి, అతని మణికట్లకీ మోచేతులకీ ఆముదం రాయించి, ఆ తర్వాతే బిగించేది. దూలాన్ని పైకీ కిందికీ ఊపి, ఓసారి గట్టిగా లాగి చూసి, అప్పుడు రాళ్లు తీయించేది. ఈ జాగ్రత్తలు ఇనుప కొక్కేనికి ఎవరూ ఎన్నడూ తీసుకోలేదు.

మెట్టవీధి వాళ్లకి కొన్నాళ్లు వింతగా ఉండి తర్వాత అలవాటైంది. నీళ్లు పట్టుకునేటప్పుడు బుగతమ్మ అనే ముసలావిడ చెంబుతో అతని నోట్లో నీళ్లు పోసేది, చేతులు ఖాళీ లేవు కాబట్టి. "ఏటి నాయనా, బరువేనా?" అని అడిగేది. "దిగేటప్పుడు పరవానేదు మామ్మా, ఎక్కేటప్పుడే," అనేవాడు పైడిరాజు. అంతకుమించి ఆ విషయం ఎవరూ మాట్లాడేవారు కాదు. గవర్రాజు మాత్రం బ్రేకు వేసే ముందు "బావా, ఆపతన్నాను" అని కేకేసేవాడు. మర్యాద తెలిసిన మనిషి.

ఎండలు ముదిరేసరికి లోపాలు మొదలయ్యాయి. బండి ఆగినప్పుడల్లా టక్కుమని చప్పుడు. సుభాషిణి పక్కన నడుస్తూ చెవి పెట్టి విని, చప్పుడు కుడి భుజంలోంచి వస్తోందని తేల్చింది. రెండో లోపం ఇంకా పెద్దది. సాయంత్రం బండి విప్పాక పైడిరాజు పిడికిళ్లు తెరుచుకునేవి కావు. పాత కొక్కేలు తుప్పుపట్టి ఊడిరాకపోవడం మామూలే కాబట్టి, సుభాషిణి కిరసనాయిలు వేయించి చూసింది. లాభం లేకపోయింది.

ఇంటి దగ్గర అతని భార్య సూరీడమ్మ వేణ్ణీళ్లు కాచి పిడికిళ్లని అందులో ముంచి కూర్చోబెట్టేది. ఒక్కో వేలూ విప్పబోయేది. విప్పిన వేలు వదలగానే మళ్లీ ముడుచుకునేది. ఆఖరికి వదిలేసి, గంజన్నం కలిపి తానే ముద్దలు పెట్టేది.

"మానేయ్‌రాదా?" అంది ఒకరోజు.

"మానేసి? ఈ చేతుల్తోటి వాల్వు తిప్పగల్నా, తాపీ పట్టగల్నా? ఇప్పుడు నాకొచ్చింది ఇదొక్కటే."

మర్నాడు సూరీడమ్మ అతన్ని చొక్కా పట్టుకుని మున్సిపాలిటీకి లాక్కొచ్చింది. తన మనిషిని వదిలెయ్యమని అడగడానికే వచ్చింది. అప్పటికే సుభాషిణి కమిషనరుగారి గదిలో ఉంది. లోడు లాగే బండికి కొక్కెంతో పాటు కాపు గొలుసు ఉండి తీరాలి, కొక్కెం జారినా బండి విడిపోకుండా గొలుసు ఆపుతుంది, మన బండికి గొలుసే లేదు అని ఆమె చెబుతోంది. స్టోర్సులో గొలుసు లేదని గుమాస్తా అన్నాడు. కమిషనరుగారు గుమ్మం వైపు చూశారు. సూరీడమ్మ ఇంకా భర్త చొక్కా వదల్లేదు.

"ఎంత దూరం నుంచి వచ్చావమ్మా?"

"కొత్తవలస రోడ్డు నుంచి బాబూ."

"అంత దూరమూ అలాగే పట్టుకుని వచ్చావా?"

"ఒగ్గితే మీ ఆఫీసు దాకా రాడు బాబూ."

కమిషనరుగారు సుభాషిణి వైపు తిరిగి, చూశారా అన్నట్టు తలాడించారు.

ఆ రోజునుంచి సూరీడమ్మ కాపు గొలుసు. గొలుసులు దూలం కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వెయ్యాలని నియమం కాబట్టి, ఆమె భర్త నడుముని వెనకనుంచి రెండు చేతులూ అడ్డంగా వేసి పట్టుకునేది. కాళ్లు ట్యాంకరు చట్రంలో దోపుకునేది. గొలుసు కొక్కెంతో పాటే వచ్చే సామాను కాబట్టి దానికి విడిగా జీతం పెట్టడం కుదరదని గుమాస్తా మర్యాదగానే వివరించాడు. ఒకందుకు ఆమెకి ఇది బాగానే ఉంది. ఇంటి దగ్గర పిల్లల్ని పెట్టుకుని కూర్చుని ఏమయ్యాడోనని ఎదురుచూసే పని తప్పింది. దారిలో ఇద్దరూ ఇంటి సంగతులు మాట్లాడుకునేవారు. పెళ్లయ్యాక అంతసేపు పక్కపక్కనే ఉండడం వాళ్లకి అదే మొదలు.

ప్రమాదం మెట్టవీధి ఎత్తులో జరిగింది. ఎదురుగా ఆటో అడ్డం రావడంతో గవర్రాజు బ్రేకు తొక్కాడు. కేకెయ్యడానికి వ్యవధి లేకపోయింది. నిండు ట్యాంకరు ముందుకొచ్చి గుద్ది, వెంటనే వెనక్కి జారింది. వేణ్ణీళ్లకి విచ్చుకోని, ట్రాక్టరు పలకని పట్టుకున్న పైడిరాజు కుడి పిడికిలి అప్పుడు విచ్చుకుంది. కింద బిందెల వరసలో ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు.

సూరీడమ్మ వదల్లేదు. ఒక చేతిని అతని నడుం మీదే ఉంచి, రెండో చేత్తో ట్రాక్టరు పలకని అందుకుంది. భుజం గూడు తప్పింది. అయినా వదల్లేదు. ట్యాంకరు జానెడు జారి ఆగింది. బుగతమ్మ, ఆవిడ వెనకున్న వాళ్లు రాళ్లు తెచ్చి చక్రాల కింద పడేశారు.

"ఒగ్గీ సూరీడూ, ఆగిపోనాది," అన్నాడు పైడిరాజు.

"నిజంగా ఆగిందా?"

"ఆగింది."

అప్పుడు వదిలింది. కళ్లనీళ్లు తుడుచుకోబోతే చెయ్యి లేవలేదు. భర్త పిడికిలితోనే ఆమె మొహం తుడిచాడు. కుడి పిడికిలి అప్పటికే మళ్లీ మూసుకుంది. జనం నీళ్లు పట్టుకున్నారు. ట్యాంకరు జారిపోకుండా ఆగినందుకో ఏమో, ఆ రోజు వరసలో తోపులాట జరగలేదు.

విచారణలో సుభాషిణి స్పష్టంగా చెప్పింది. గొలుసు తన పని చేసింది. కానీ అంత దెబ్బ తిన్నాక కొక్కేన్నీ గొలుసునీ రెండింటినీ మార్చాలి, చూడ్డానికి బాగున్నాయని మళ్లీ వాడకూడదు. కమిషనరుగారు ఒప్పుకున్నారు. కార్యాలయం దాన్ని తనకు తెలిసిన పద్ధతిలో అర్థం చేసుకుని, కొక్కెం ఉద్యోగానికి మనుషులు కావాలని ప్రకటన ఇచ్చింది. అభ్యర్థులు తమ గొలుసుని తామే తెచ్చుకోవాలి అని కింద రాశారు.

జనం విరగబడ్డారు. బీటెక్కులు చదివినవాళ్లు చేతులు ఆముదంతో తోముకుని వచ్చారు. గొలుసు లేనివాళ్లు హడావుడిగా పెళ్లిచూపులకి వెళ్లారు. సంబంధం కుదరనివాళ్ల తరఫున తల్లులు వచ్చి నిలబడ్డారు. తల్లి గొలుసు పెళ్లాం గొలుసంత నమ్మకమైనదా కాదా అన్నదాని మీద గుమాస్తా పై ఆఫీసుని వివరణ అడిగాడు.

సరిగ్గా అప్పుడు ఇనుప కొక్కెం వచ్చింది. నల్లగా, నూనె కాగితంలో చుట్టి, పిన్నుతో సహా, గొలుసులతో సహా వచ్చింది. స్టోర్సు గుమాస్తా దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యబోయాడు. వాడితే అరుగుతుంది, అరిగితే ఆడిట్‌వాళ్లు అడుగుతారు అన్నాడు. సుభాషిణి అతని మాట వినిపించుకోకుండా కొక్కెం తీసుకెళ్లి, గవర్రాజు చేత పానా పట్టించి, నట్లు బిగించి, పిన్ను వేసి, గొలుసులు అడ్డంగా తగిలించింది. ట్యాంకరు మెట్టవీధి ఎక్కింది. చప్పుడు లేదు, ఊగడం లేదు. ఆ సాయంత్రం ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని నిద్రపోయింది.

మర్నాడు ఆఫీసు ముందు టెంటు వేశారు. ఉద్యోగాలు రద్దయినవాళ్లు, వాళ్ల తల్లులు, కొత్తగా పెళ్లయినవాళ్లు అందులో నిరాహారదీక్షకి కూర్చున్నారు. "ఇనుము వద్దు, మనిషే ముద్దు!" అని అరుస్తున్నారు. ముందు వరసలో పైడిరాజు ఉన్నాడు. నినాదాలకి అతను ప్రత్యేకంగా పిడికిలి బిగించాల్సిన అవసరం రాలేదు, చెయ్యి ఎత్తితే చాలు. పక్కన సూరీడమ్మ భుజానికి కట్టుతో కూర్చుంది.

నాలుగో రోజు సుభాషిణి వెళ్లి ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

"నీ భుజం ఇంకా కట్టులోనే ఉంది. మళ్లీ అదే కావాలంటావా సూరీడమ్మా?"

"కావాలనీసి కాదమ్మా. ఆ చేతులు సూడండి. ఇంకే పనికొత్తాయవి? అన్నం ముద్ద కూడా పట్టవు. మీరు మంచోరు మేడం. కానీ మీరు మంచి చేసిన రోజునుంచీ మా ఇంట్లో పొయ్యి ఎలగనేదు."

"ఆ పిడికిళ్లు అలా అయింది ఆ పని వల్లే కదా?"

"అవును మరి. అందుకే ఆ పనే కావాలంటన్నాం."

సుభాషిణి చదివిన పుస్తకాల్లో లోపం ఎలా పట్టుకోవాలో ఉంది, సామాను ఎలా మార్చాలో ఉంది. మార్చేసిన సామాను సాయంత్రం ఎక్కడికి వెళ్లి ఏం తింటుందో లేదు.

కమిషనరుగారు మెతక మనిషి. ప్రజల కోరిక కాదనలేనని ప్రకటించి, నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. ఇనుప కొక్కేన్ని విప్పించి, తుడిపించి, తన గదిలో అద్దాల బీరువాలో పెట్టించారు. అనుభవం ఉన్నవాళ్లకి మొదటి అవకాశం అన్నారు. పిడికిలి ముందే సిద్ధంగా ఉన్న అభ్యర్థి పైడిరాజు ఒక్కడే. మిగతావాళ్ల పేర్లు, రాబోయే ఖాళీల కోసం, వరసలో ఉంచారు.

బిగించే రోజు పొద్దున్నే సుభాషిణి వచ్చింది. చక్రాల కింద రాళ్లు పెట్టింది. ఆముదం తనే రాసింది. పిడికిలిని కన్నంలో దించి, పైకీ కిందికీ ఊపి చూసింది. సందు లేదు. తర్వాత సూరీడమ్మ వైపు తిరిగి కట్టున్న భుజం చూసింది.

"ఒక చేత్తో కుదరదు. గొలుసుకి రెండు పాయలుండాలి."

"తెలుసు మేడం," అంది సూరీడమ్మ, పక్కకి జరిగి.

వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది. చున్నీ నడుముకి గట్టిగా బిగించి కట్టుకుంది.

"మా పెద్దది, ఝాన్సీ. ఇంటరైపోనాది. ఊరికే ఉంటన్నాది."

సుభాషిణి ఆ అమ్మాయి చేతుల్ని పట్టుకుని కొలత చూసింది. సన్నంగా ఉన్నాయి గానీ బలం ఉంది. ఒక చేతిని తల్లి చేతి మీదుగా అడ్డంగా తండ్రి నడుముకి వేయించి, మరీ బిగుతుగా కాకుండా, మలుపులో తిరగడానికి కాస్త వదులు ఉంచి, ఎలా పట్టుకోవాలో నేర్పింది.

"మొదట్లో లాగేస్తున్నట్టు ఉంటుంది," అంది. "వదలకు. తర్వాత తెలీదు."

ఝాన్సీ తలూపింది. సుభాషిణి వంగి రాళ్లు తీసేసి, పోనివ్వమని గవర్రాజుకి చెయ్యి ఊపింది.