పాడినవారి పేరు లేకపోవడమనే మహాభాగ్యం

అన్యాయం జరిగింది ఎవరికి? సిరోంచలో నాట్లు వేసే చిన్నక్కకు. ఏ విధంగా? ఆమె పాట ఏళ్ల తరబడి రేడియోలో వచ్చింది; ఆమె పేరు ఒక్కనాడూ రాలేదు.

దీన్ని అన్యాయమనేవారితో నేను ఏకీభవించను. పేరు లేకపోవడం వరం! పేరుంటే సన్మానానికి పిలుస్తారు, శాలువా కప్పుతారు. సిరోంచ ఎండలో శాలువా కప్పుకొని కూర్చోవడం ఎవరి తరం?

ఈ వరాన్ని ప్రసాదించిన మహానుభావుడు సుధాకర్ గారు. నది అవతల ఒక ప్రభుత్వ రేడియో కేంద్రంలో సంగీత కార్యక్రమాల ప్రొడ్యూసర్. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, టేప్ రికార్డర్ చంకన పెట్టుకొని పడవలో ప్రాణహిత దాటి వచ్చారు. యాసంగి నాట్ల దగ్గర, ప్యాంటు తడవకుండా గట్టు మీద నిలబడి, చిన్నక్క పాటనూ, వంత అందుకున్న యాదక్క, పోశక్కల గొంతులనూ పట్టుకుపోయారు.

పాట ప్రసారమైంది. "సంప్రదాయ గీతం. సేకరణ: సుధాకర్" అన్నారు. ఎంత నిజాయితీ! సేకరించినది ఆయనే కదా?

ఆ ఒక్క మాటతో ఆయన ఉద్యోగం చిగురించింది. ప్రమోషన్ వచ్చింది. ఢిల్లీలో ఏసీ హాలులో జానపదం గురించి ఇంగ్లీషులో ప్రసంగించి జ్ఞాపిక పుచ్చుకున్నారు. చిన్నక్కకు ఆ ఏసీ జలుబు తప్పింది!

ఆయనకు పేర్లంటే గిట్టదనుకోకండి. "మీరు కోరిన జానపదం"లో పాట కోరిన శ్రోతల పేర్లు పాటకంటే పొడుగ్గా చదివేవారు. ముల్చేర నుంచి కళ్యాణి, ఆమె తమ్ముడు, తమ్ముడి స్నేహితులు, వారి మేనత్తలు! పేర్లు ముగిసేసరికి సమయం మించిపోయి, పల్లవి దగ్గరే పాట ఆగిపోయేది. మేలే కదా? మొత్తం వింటే పాడినదెవరని అడగాలనిపిస్తుంది.

నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు మమ్మల్ని పేరుపేరునా పిలిచి హాజరు వేసేవారు. ఎంత వృథా ప్రయాస! "సంప్రదాయ బాలికలు" అని ఒక్కసారి అంటే సరిపోయేది.

చిన్నక్కకు మాత్రం ఈ భాగ్యం రుచించలేదు. కారణం మనవరాలు నవత. రేడియోలో వచ్చేది తన గొంతేనంటే ఆ పిల్ల నమ్మదు.

"గట్లయితే నీ పేరెందుకు చెప్తలేరవ్వా? ఉత్తగనే కోతలు కోస్తున్నవ్!"

యాదక్క ఉపాయం చెప్పింది. "పాట కావాలని నువ్వే ఓ కార్డు రాయించరాదే! అడిగినోళ్ల పేర్లయితే సదువుతుండు గదా."

రాయించింది. రేడియో పలికింది: "ఈ పాట కోరినవారు, సిరోంచ నుంచి చిన్నక్క. సంప్రదాయ గీతం. సేకరణ: సుధాకర్."

పోశక్క కడుపు పట్టుకొని నవ్వింది. "నీ పాట నువ్వే అడుక్కున్నవేందే!"

నవత నవ్వలేదు. "సూసినవా అవ్వా? నువ్వు గూడ మా లెక్క వినేదానివే."

ఇంతలో సుధాకర్ గారి రిటైర్మెంటు దగ్గరపడింది. వీడ్కోలు కార్యక్రమానికి, ఆయనను ఇంతవాణ్ణి చేసిన ఆ పాటే కావాలి. కానీ టేపు అరిగిపోయింది. మళ్లీ పాడించాలి. ఎవరిచేత? పేరు ఆయనకే తెలియదు! సంప్రదాయం గారి ఇల్లు ఎక్కడని ఎవరిని అడుగుతారు? పొలం పొలం తిరిగి, చివరకు గొంతును బట్టి చిన్నక్కను పోల్చుకున్నారు.

"ఒక్కసారి పాడమ్మా."

"పాడుత సారూ. గని ముందుగాల రేడియోల నా పేరు జెప్పాలె. పాటను నడుమల కొయ్యొద్దు."

"సంప్రదాయ గీతానికి పేరు చెప్పే పద్ధతి లేదమ్మా."

"అట్లనా? అయితే పోయి సంప్రదాయాన్నే పాడుమను!"

ఆమె మళ్లీ నారు అందుకుంది. సుధాకర్ గారు గట్టు మీద చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, బురదలోకి దిగి మైకు ఆమె ముందు పట్టుకున్నారు.

"నీ పూర్తి పేరు చెప్పు తల్లీ. వంత పాడేవాళ్లవి కూడా."

పాఠకులారా, నా వాదం ఓడిపోయింది! ఒక పేరు పలకడానికి పట్టేది ఒక్క ఊపిరేనని, దానికోసం ఒక ఉద్యోగమంతా సరిపోలేదని ముందే తెలిస్తే, ఇంతసేపు దీన్ని వరమని వాదించేదాన్నా?

వీడ్కోలు కార్యక్రమం ప్రసారమైన ఆదివారం నవత రేడియో సౌండు పెంచి వాకిట్లో పెట్టింది. "పాడినవారు సిరోంచ చిన్నక్క. వంత: యాదక్క, పోశక్క." పాట మొదటి నుంచి చివరి చరణం దాకా, ఎక్కడా తెగకుండా వచ్చింది.

"కోరినవారు," అంది రేడియో ఆఖరున, "సుధాకర్."