పింకీ బేబీకి పళ్ల ఐసు

భిలాయి సుపేలా మార్కెట్టులో నేను పదిహేనేళ్లు కూర్చున్న చోటు పోవడానికి, ఉక్కు ప్లాంటులో రిటైరై ప్రస్తుతం మన తెలుగు సంఘానికి కార్యదర్శిగా ఉన్న సురేంద్రనాథ్ గారే పూర్తి బాధ్యులని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేస్తున్నాను. ఆయన చేసినదంతా నా మేలు కోరే చేశారు. మేలు కోరని వాళ్ల వల్ల నాకు ఇంతవరకు చెప్పుకోదగ్గ నష్టమేదీ జరగలేదు.

నా పేరు తాతబ్బాయి. మా నాన్న బొబ్బిలి దగ్గర్నుంచి ప్లాంటు కట్టే రోజుల్లో ఇటుకలు మొయ్యడానికి భిలాయి వచ్చాడు. నేను ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసి అదీ ఇదీ చేసి, చివరికి పుల్ల ఐసు వ్యాపారంలో స్థిరపడ్డాను. కుళాయి నీళ్లు, శాకరిన్, రంగు. ఈ మూడూ రేకు అచ్చుల్లో పోసి ఉప్పునీళ్ల తొట్టిలో దింపితే ఐసు. ఆ రంగు పిల్లల నాలిక మీద రెండు రోజులుండేది. ఎవరిది ఎక్కువ ఎర్రగా ఉందో నాలికలు చాపి పోల్చుకునేవారు, తల్లులు చూసి ముచ్చటపడేవారు. అచ్చులకి చిల్లులు పడి ఉప్పునీళ్లు లోపలికి ఊరేవి. ఎండల్లో ఒంటికి ఉప్పు మంచిదని నేను చెబితే, చదువుకున్న వాళ్లు కూడా తలాడించి ఇంకోటి కొనేవారు. పదిహేనేళ్లలో నా ఐసులో ఏముందని అడిగిన మనిషి లేడు.

తొంభై ఆరు ఎండాకాలంలో మార్కెట్టు స్థలాలు చూసే ఆఫీసువాళ్లు ఒక ప్రకటన అంటించారు. ఎవరు ఎక్కడ కూర్చుని వ్యాపారం చేస్తున్నారో జూన్ ఏడో తారీకు శుక్రవారం నాడు సర్వే చేస్తారట. చోటులో మనిషి కనిపిస్తే ఆ చోటు అతని పేర రాసి కాగితం ఇస్తారట. కనిపించకపోతే లేదట. మా రేకు కొట్టుకి అప్పటిదాకా ఏ కాగితమూ లేదు. పదిహేనేళ్లుగా నేను చేస్తున్నది కూర్చోవడమే కనక ఈ పరీక్షలో తప్పే ప్రమాదం లేదనుకున్నాను. బడిలో కూడా ఇలాగే అనుకునేవాణ్ణి.

ఆ వారంలోనే సురేంద్రనాథ్ గారు స్కూటరు దిగి మా కొట్టు ముందు నిలబడ్డారు.

"చూడు తాతబ్బాయ్, కూర్చుంటే కాగితం వస్తుందా? కూర్చున్నట్టు పైవాడికి తెలియాలి. ఆ ఆఫీసు పెద్ద ఎవరనుకున్నావ్? రాజగోపాల్ గారు. మనవాడే. వాళ్ల పింకీ వారం రోజులుగా అన్నం ముట్టడం లేదు."

పింకీ కూతురనుకుని నేను అయ్యో అన్నాను. కాదు, తెల్ల పొమరేనియన్ కుక్క. కుక్క అని తెలిశాక అయ్యో అనడం ఆపకుండా ఇంకోసారి అన్నాను. నా జీవితంలో నేను చేసిన మొదటి రాజకీయం అదే. సురేంద్రనాథ్ గారు చాలా సంతోషించారు.

కుక్కల డాక్టరు చెప్పిందేమంటే, ఈ ఎండకి దానికి చల్లటి పళ్లు పెట్టాలి. రాజగోపాల్ గారి భార్య రజనీకుమారి గారు పళ్లతో ఐసు చేయించాలనుకుంటున్నారు. భిలాయి తెలుగువాళ్లలో ఐసు నిపుణుణ్ణి నేనే. నన్ను నిపుణుడని అంతకుముందు ఎవరూ అనలేదు. ఆ మాట వినగానే కొట్టుకి తాళం వేసి స్కూటరు వెనక ఎక్కాను.

రాజగోపాల్ గారి బంగళాలో నాకు డాక్టరు రాసిన చీటీ చదివి వినిపించారు. నీళ్లు మరిగించి చల్లార్చాలి. చక్కెర వద్దు, ఉప్పు వద్దు, రంగు అసలే వద్దు. పుచ్చకాయ గింజలు ఒక్కొక్కటే తియ్యాలి. ఆపిల్ గింజల్లో విషముంటుంది కనక కాయ నాలుగు చెక్కలు చేసి నడిమి భాగం పారెయ్యాలి. అరటిపండు పెరుగులో మెదిపి పొయ్యాలి, ఆ పెరుగు పులిసి ఉండకూడదు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి. ఇన్ని జాగ్రత్తలు నేను మా పిల్లలు పుట్టినప్పుడు కూడా వినలేదు. శాకరిన్ సంగతి ఎత్తితే రజనీకుమారి గారు చెవులు మూసుకుని, "ఛీ, అదేమన్నా తినే వస్తువా?" అన్నారు. నేను కూడా ఛీ అన్నాను.

ఇంతటితో అయిపోయేదే. కానీ సురేంద్రనాథ్ గారు ప్లాంటులో ముప్పై ఏళ్లు పని చేశారు. చివరి పదేళ్లు ఆయన పని క్వాలిటీ సర్కిల్. తెలియని వాళ్లకి చెబుతున్నాను. ఒక చోట నట్టు ఊడిపోతే దాన్ని బిగించకుండా అయిదుగురు మనుషులు చుట్టూ కూర్చుని, అది ఎందుకు ఊడిందో చేపముల్లు ఆకారంలో బొమ్మ గీసి, వేదికెక్కి చదివి, అన్నం వేడిగా ఉంచే హాట్‌కేసు డబ్బా బహుమతిగా తెచ్చుకోవడాన్ని క్వాలిటీ సర్కిల్ అంటారు. మన భిలాయిలో ప్రతి ఇంటా అలాంటి హాట్‌కేసులు రెండేసి ఉంటాయి.

కాబట్టి కుక్క ఐసుకి కూడా సర్కిల్ ఏర్పడింది. పేరు 'శీతల మిత్ర'. నాయకుడు సురేంద్రనాథ్ గారు, సభ్యులు నేను, బంగళా తోటమాలి, డ్రైవరు. మహిళా సభ్యురాలు ఉంటే పోటీలో మార్కులు ఎక్కువట, అందుకని మా ఆవిడ జోగమ్మని పళ్లు కోసే విభాగానికి అధిపతిగా వేశారు.

మొదటి రోజు నేను మా కొట్టు అచ్చుల్లోనే ఐసు చేసి పట్టుకెళ్లాను. పింకీ ఒక్కసారి నాకి, నా మొహం చూసి, సోఫా కిందికి వెళ్లిపోయింది. చిల్లుల్లోంచి ఉప్పు దిగింది. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారు పిల్లలు పదిహేనేళ్లలో కనిపెట్టలేని సంగతిని ఆ జీవి ఒక్క నాకుడులో కనిపెట్టింది. సురేంద్రనాథ్ గారు వెంటనే సమావేశం పెట్టి, అట్టమీద చేపముల్లు గీసి, తలవైపు 'పింకీ తినకపోవుట' అని రాసి, ముళ్ల మీద మనిషి, యంత్రం, పద్ధతి, సరుకు అని రాశారు. మనిషి అన్న ముల్లు నాదే. రెండున్నర గంటల చర్చ తర్వాత అచ్చు మార్చాలని తీర్మానం జరిగింది.

రెండో రోజు కొత్త అచ్చు, ఉప్పు లేదు. కానీ అలవాటు ప్రకారం పుల్ల గుచ్చాను. పింకీ ఐసు వదిలేసి పుల్ల నమిలింది. బంగళాలో ఏడుపులు మొదలయ్యాయి, డాక్టరు వచ్చాడు, పుల్ల మొత్తం దొరికిందో లేదో ముక్కలు పేర్చి చూశారు. మళ్లీ చేపముల్లు. పుల్ల లేని పుల్ల ఐసు ఎలా ఉంటుందన్నది నాకు మాత్రం చాలా లోతైన ప్రశ్న అనిపించింది. స్టీలు గిన్నెలో గడ్డ కట్టించి గిన్నెతో సహా ముందు పెడితే సరిపోతుందని జోగమ్మ మొదటి రోజే అంది. అది పళ్లు కోసే విభాగం పరిధిలోకి రాని విషయం కనక మినిట్సులో రాయలేదు. అయిదో సమావేశంలో సురేంద్రనాథ్ గారికి అదే ఆలోచన స్వయంగా వచ్చింది.

మూడు వారాలు గడిచాయి. పింకీ ఏడు నిమిషాల పాటు ఐసు నాకింది. సురేంద్రనాథ్ గారు ప్లాంటు నుంచి తెచ్చుకున్న స్టాపువాచీతో చూశారు. గ్రాఫు గీశారు. ఈ మూడు వారాలూ వ్యాపారానికి మా కొట్టు తాళం తియ్యలేదు. పక్కన సైకిల్ పంక్చర్ కొట్టు సింహాద్రి ఒకసారి, "ఏటి భయ్యా, కుక్కకాడ నౌకరీకి కుదిరిపోనావట?" అన్నాడు. అసూయ అనుకుని నవ్వి ఊరుకున్నాను. బంగళాలో నాకు కుర్చీ వేస్తున్నారు మరి. వంటింటి వెనకే అనుకోండి, అయినా కుర్చీయే.

ఇక ప్రాజెక్టు ప్రదర్శన. ఆఫీసర్ల క్లబ్బులో కుటుంబాల కోసం పెట్టిన పోటీ. తేదీ జూన్ ఏడు, శుక్రవారం.

నాకు గుర్తు లేక కాదు. ఆ రోజు సర్వే కదా అని సురేంద్రనాథ్ గారిని అడిగాను కూడా. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"సర్వే చేసేదెవరు? రాజగోపాల్ గారి మనుషులు. ఆ టైములో రాజగోపాల్ గారెక్కడుంటారు? ముందు వరసలో, నీ ఎదురుగా. ఆయన కళ్ల ముందు నువ్వు నిలబడి ఉండగా నీ కొట్టులో నువ్వు కూర్చోవలసిన అవసరం ఏముందయ్యా?"

ఈ లెక్క నాకు చాలా సబబుగా తోచింది. జోగమ్మకి తోచలేదు.

"నువ్వెల్లు. నాను కొట్టుకాడ కూకుంటాను. సర్వేవోడొస్తే పేరు సెప్తాను."

"నువ్వు రాకపోతే మహిళా సభ్యురాలి మార్కులు పోతాయే."

"మార్కులేటి సేసుకుంటావు? నీకు బళ్లోనే రానేదు, ఇప్పుడొస్తాయా?"

అప్పుడు నేను మొగుడిగా మాట్లాడాను. పట్టుచీర కట్టుకోమన్నాను. ఆవిడ కట్టుకుంది.

క్లబ్బులో చల్లగా ఉంది. సురేంద్రనాథ్ గారు మైకు పట్టుకుని, "దేశం ముందుకు వెళ్లాలంటే అట్టడుగు వర్గాల నైపుణ్యాన్ని గుర్తించాలి, ఒకప్పుడు వీధిలో అనారోగ్యకరమైన ఐసు అమ్ముకునే ఈ తాతబ్బాయి ఈ రోజు శాస్త్రీయంగా ఆలోచిస్తున్నాడు" అని నన్ను చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అనారోగ్యకరమైన ఐసు తిని పెరిగిన పిల్లలు కొందరు వెనక వరసల్లో ఉన్నారు, వాళ్లూ కొట్టారు. నేను చేతులు జోడించాను. రాజగోపాల్ గారి పక్కన రజనీకుమారి గారు, ఆవిడ ఒళ్లో పింకీ. మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి గేటు కిర్రుమనకుండా నూనె వేసిన వాళ్లకి వెళ్లింది.

హాట్‌కేసు పట్టుకుని సాయంత్రం మార్కెట్టుకి వచ్చేసరికి సింహాద్రి పంక్చర్ వెయ్యడం ఆపి లేచి నిలబడ్డాడు. సర్వేవాళ్లు పన్నెండింటికి వచ్చారట. తాతబ్బాయి ఎక్కడని అడిగితే వీడు ఉన్న మాటే చెప్పాడు, సాబుగారి బంగళాలో కుక్కకి ఐసు చేస్తున్నాడని. వాళ్లు 'వేరే ఉపాధిలో ఉన్నాడు' అని రాసుకున్నారు. అప్పుడు మా రేకు నీడలో, ఉతై అనే ఊరి నుంచి వచ్చిన గుప్‌చుప్, అంటే పానీపూరీ, బండివాడొకడు ఎండకి తాళలేక ఆగి ఉన్నాడు. వాడు ఆ చోటు తనది కాదని మొత్తుకున్నాడట. పట్టికలో గడి ఖాళీగా వదలకూడదని నిబంధన ఉంది, అందుకని వాడి పేరు రాసి, వేలిముద్ర వేయించుకుని వెళ్లారు.

మర్నాడు పొద్దున్నే బంగళాకి పరిగెత్తాను. రాజగోపాల్ గారు పేపరు మడిచి నన్ను చాలా ఆప్యాయంగా చూశారు.

"తాతబ్బాయ్, నువ్వు వేరేవాడివైతే ఏదో ఒకటి చేసేవాణ్ణి. నువ్వు మా ఇంటి మనిషివైపోయావు. నీ పేరు రాస్తే, నా కుక్కకి ఐసు చేశాడు కాబట్టి రాశాడు అనరా? నా నిజాయితీ ఏం కావాలి?"

ఆయన నిజాయితీ కోసం నేను ఎంత ఇచ్చుకున్నానో ఆయనకి తెలియదు. వచ్చేటప్పుడు పింకీకి ఆ రోజు గిన్నె పెట్టే వచ్చాను. అలవాటైపోయింది.

సురేంద్రనాథ్ గారు ఈ నష్టానికి కారణాలు కనిపెట్టడానికి కొత్త సర్కిల్ వేద్దామన్నారు. నేను ఒక తోపుడు బండి అద్దెకి తీసుకున్నాను. నేర్చుకున్న విద్య ఉంది కదా అని మరిగించిన నీళ్లు, గింజలు తీసిన పుచ్చకాయ, పులియని పెరుగు పెట్టి చక్కటి ఐసు చేసి, ఆ సెక్టారు పిల్లల బడి ముందే నిలబడ్డాను. పిల్లలు నాకి, రంగేదని అడిగారు. క్లబ్బులో ప్రదర్శన చూసిన ఒక తల్లి బండి మీద గిన్నెలు చూసి గుర్తుపట్టింది.

"అరే, ఇవి రాజగోపాల్ గారి కుక్క తినేవి కదూ? మా పిల్లలకి పెడతావా? బుద్ధుందా?"

మిగతా తల్లులు కూడా పిల్లల చేతుల్లోంచి ఐసులు లాగి పారేశారు. వారం పాటు బడి దరిదాపులకి నన్ను రానివ్వలేదు. ఎనిమిదో రోజు కుళాయి నీళ్లు, శాకరిన్, ఎర్ర రంగు కలిపి, చిల్లుల అచ్చుల్లో పోసి తీసుకెళ్లాను. గంటలో అయిపోయాయి. ఆ తల్లే రెండు కొని, ఇప్పటికి బుద్ధొచ్చిందా అంది. వచ్చిందన్నాను.

ఇప్పుడు భిలాయిలో శుభ్రమైన ఐసు తింటున్నది ఒక్క పింకీ బేబీ. మీ పిల్లలు నా దగ్గర తింటున్నారు, నాలికలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, ఆ విషయంలో మీకు బెంగ అక్కర్లేదు. నాకు పోయిందల్లా సుపేలాలో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల లోతు, మొత్తం నూట ఇరవై చదరపు అడుగులు.