డోర్నకల్ శిబిరంలో టీ కణాలు

డోర్నకల్ జంక్షన్ పట్టాల పక్కన ప్రత్యేక రాష్ట్రం కోసం సాగుతున్న రిలే నిరాహార దీక్ష ముప్పై మూడో రోజున క్యాన్సర్‌ను ఓడించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సకల జనులూ సమ్మెలో ఉండగా రోగం మాత్రం పని చేస్తుందా అని నిర్వాహకుల ధీమా.

భద్రు భార్య కమ్లీ ఒంట్లోని రక్త క్యాన్సర్ ఎందుకో సమ్మెలో చేరలేదు. మరునాడు పొద్దునే హైదరాబాదు దవాఖానలో ఆమెకు మూడో ఇంజక్షన్ పడాలి. తేదీ తప్పితే మొదటి రెండూ దండగేనని డాక్టరు ముందే చెప్పాడు. నెల్లికుదురు పక్కనున్న తండా నుంచి భద్రు ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని స్టేషనుకు వచ్చేసరికి, సమ్మెలో ఉన్న బస్సులకు తోడు రైల్‌రోకోతో రైళ్లూ ఆగిపోయాయి. కిందటి రైల్‌రోకోలో అవే పట్టాల మీద తానూ కూర్చున్నాడు కనుక ఎవరిని తిట్టాలో అతనికి తోచలేదు.

శిబిరంలో రోజుకొక వృత్తివారు పదిమంది చొప్పున దీక్షకు కూర్చోవడం ఆనవాయితీ. ఆనాడు మేధావుల వంతు. ఎంత వెతికినా తొమ్మిది మందే దొరికారు. కన్వీనర్ కాటమయ్య చూపు కమ్లీ మీద పడింది.

"చెల్లె ఎట్లాగూ అన్నం తింటలేదు గదా. గా పదో జాగల కూసోనియ్యి," అన్నాడు.

ఆమె మెడలో దండ పడింది.

ఆనాటి ముఖ్య వక్త యుగేందర్, హైదరాబాదులోని ఒక పరిశోధనశాల శాస్త్రవేత్త. రక్తంలో ఉండి క్యాన్సర్ మీద కొట్లాడే టీ కణాలు కొన్నాళ్లకు అలసిపోతాయనీ, మైక్రో ఆర్ఎన్ఏ అనే బహు చిన్న అణువుతో ఆ కణాల్లోని జన్యువులను అదుపు చేస్తే అవి అలసిపోకుండా పోరాడతాయనీ వివరించాడు. పోరాటం అన్న మాట వినపడగానే డప్పులు మోగాయి. మైక్రో ఆర్ఎన్ఏలో మన వాటా మనకు దక్కాల్సిందేనని అక్కడికక్కడే తీర్మానం జరిగింది.

డప్పులు ఆగాక భద్రు లేచాడు. "గా మందు ఏడ ఇస్తరు సారు?"

"ఇంకా ఎలుకలకే ఇస్తున్నమన్నా. మనుషులకు రానీకె ఏండ్లు పడ్తది."

"ఎలుకలు మంచిగున్నయా?"

"చానా మంచిగున్నయి," అన్నాడు యుగేందర్. సాయంత్రానికి వాటికి మందు పడాలని, తాను వెంటనే బయల్దేరాలని కూడా చెప్పాడు. శిబిరం చలించిపోయింది. ఎలుకల వైద్యం అత్యవసర సేవ అని కాటమయ్య స్వహస్తాలతో చీటీ రాసి, ముద్ర వేసి, అతని కారు అద్దానికి అంటించాడు.

"జర మమ్ముల గూడ తీస్కపోండ్రి సారు," అని భద్రు చేతులు జోడించాడు.

యుగేందర్ వెనక తలుపు తీశాడు. పల్లెల్లో వైద్యం పట్ల వివక్ష అనే అంశంపై టీవీ చర్చకు వెళ్లాల్సిన ముగ్గురు నాయకులు అప్పటికే అక్కడ సర్దుకుని కూర్చున్నారు. ముందు సీటులో వారి బ్యానర్లు ఉన్నాయి. యుగేందర్ తల దించుకుని తలుపు వేశాడు. కారు కదిలింది. భద్రుకు ఏడుపొచ్చింది.

కాటమయ్య అతని భుజం తట్టాడు. "పరేషాన్ గాకు తమ్మీ. నీ భార్య పేరు చరిత్రల ఉంటది."

"చరిత్రల ఎందుకన్నా. రేపు పొద్దుగాల దవాఖాన రిజిస్టర్ల ఉంటే సాలు," అన్నాడు భద్రు.

ఈ పలుకులను సభ కరతాళ ధ్వనులతో ఆమోదించింది. మరునాడు కమ్లీ ఫొటో పేపర్లో వచ్చింది. మనమందరం చూశాం. వాంతి ఆపుకోవడానికి ఆమె పళ్లు బిగబట్టిన ఆ ముఖం చూసి, ఎంత పట్టుదలో అని మెచ్చుకున్నాం.