మొదటి చప్పట్లు

గుంపులో పడ్డ మనిషికి సొంత బుర్ర పనిచేయదని, ఈ మహాసత్యాన్ని ఇకపై ప్రజాసేవకు వాడుకుంటామని మంత్రిగారు ప్రకటించారు. సైకాలజీ పుస్తకాన్ని వారు స్వయంగా, అట్ట దాకా చదివారు. ఒకడు మొదలెడితే మిగతావాళ్లు అందుకుంటారట. ఆ ఒకడి కోసం వెంటనే ఓ పోస్టు పుట్టింది.

అది టెంట్‌హౌస్‌లో కుర్చీలు మోసే ఒకాయనకి దక్కింది. అరచేతులు చేటలంత ఉంటాయి మరి. అప్పట్నుంచీ ఊరంతా ఆయన్ని చప్పట్లాయన అంటోంది. పోస్టు మాత్రం టెంపరరీ.

"నేను కళ్లజోడు తీసినప్పుడల్లా మొదలెట్టు," అన్నాడు మంత్రిగారి పీఏ. "వారి కంట మాత్రం పడకు. అంతా సహజంగా ఉండాలి. ఇవాళ్టి సభ బాగా జరిగితే పర్మనెంట్."

"ఈసారైనా ఖాయం చేయించుకు రావయ్యా," అంది ఇంట్లో భార్య. "మా అన్నయ్య ఎగతాళి పడలేక చస్తున్నా."

చప్పట్లాయన ధైర్యానికి మూడు టీలు తాగి బయల్దేరాడు. అదే కొంప ముంచింది.

మంత్రిగారు ముచ్చటగా మూడోసారి "చివరగా ఒక్క మాట" అన్నారు. పీఏ కళ్లజోడు తీశాడు. చప్పట్లాయన కొట్టాడు, హాలంతా మారుమోగింది. కానీ పాపం, కాలు మీద కాలు వేసినా లాభం లేకపోయింది. పర్మనెంటు పోతే పోయిందని లేచాడు.

పక్కవాడు లేచాడు. వరసంతా లేచింది. హాలంతా లేచి నిలబడేసరికి ఇంత అభిమానమా అని మంత్రిగారి కళ్లు చెమర్చాయి. చప్పట్లాయన బయటికి నడిచాడు. జనమూ నడిచారు. పీఏ కూడా నడిచాడు.

ఖాళీ కుర్చీలతో ఎంతసేపని మాట్లాడతారు? మంత్రిగారూ దిగొచ్చి, వరండాలో ఉన్న లైను చివర నిలబడ్డారు.

"ఏమిటండీ ఇక్కడ?"

"తెలీదండీ," అన్నాడు ముందున్న ఆఫీసరు, వెనక్కి తిరక్కుండానే. "ఇంతమంది నిలబడ్డారంటే ఏదో మంచిదే అయ్యుంటుంది."

బాత్‌రూమ్ తలుపు తెరుచుకుంది. లోపల తువ్వాలు లేదేమో, చప్పట్లాయన తడి చేతులు రెండుసార్లు తట్టి దులుపుకున్నాడు. అంతే, వరండా దద్దరిల్లింది. లైను చివర మంత్రిగారు కనబడ్డారు. పర్మనెంటు పోయినట్టే అనుకున్నాడు చప్పట్లాయన. ఇంటికెళ్లి భార్యకి ఏం చెప్పాలో తోచక అక్కడే నిలబడిపోయాడు.

మంత్రిగారు అందర్నీ తోసుకుంటూ, చప్పట్లు కొడుతూనే వచ్చి, ఆ తడి చేతుల్ని రెండు చేతులా పట్టుకున్నారు.

"అద్భుతంగా మాట్లాడారండీ," అన్నారు. "మావాడు ఖాళీగా ఉన్నాడు. తమ దగ్గర ఏదన్నా ఉంటే చూడండి. టెంపరరీ అయినా ఫర్లేదు."