తెల్ల బిళ్ల జోలికొస్తే

నోటి వాసన పోవడానికి చప్పరించే పిప్పరమెంటు బిళ్లల కంపెనీ అది. అందులో రుచి చూసే ఉద్యోగికి పరీక్ష రోజు పొద్దున టూత్‌పేస్టు ఉండదు, కాఫీ ఉండదు, టిఫినూ ఉండదు. నాలుక మీద వేరే రుచి ఉండకూడదని నియమం. ఆఫీసంతా ‘నాలుక గారు’ అని పిలుచుకునే పెద్దమనిషి ఈసారి నిన్న పొద్దుటి నుంచే పేస్టు మానేశారు. కంపెనీ మొట్టమొదట చేసిన తెల్ల బిళ్లను ఆపేసి కొత్త రుచులు దింపాలా వద్దా అన్నది యజమానురాలు ఇవాళే తేల్చబోతున్నారు. వేళకు వెళ్లి, కొత్తవన్నీ చప్పరించి, ఒక్కొక్కదాన్నీ ఉతికి ఆరేయాలని ఆయన పథకం.

తెల్ల బిళ్లకు ఎసరు పెట్టినవాడు పరాయివాడైనా బాగుండేది. స్వయానా బావమరిది. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి మార్కెటింగ్‌లో వేయించింది కూడా ఈయనే. తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది, పైగా కడుపులో కాఫీ చుక్క లేదు.

"మీ తమ్ముడికి పుచ్చకాయ బిళ్ల కావాలట, పుచ్చకాయ! వాడి బుర్రలో ఉన్నదీ అదే!" అని భార్య మొహం మీదే అరిచారు.

ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "సరే లెండి, త్వరగా వెళ్లి రండి" అంది. తమ్ముడి నిర్వాకానికి కన్నీళ్లు పెట్టుకుంటోందని ఆయన అనుకున్నారు.

కింద బావమరిది కారుతో సిద్ధంగా ఉన్నాడు. పోట్లాట ఎంతున్నా పెట్రోలు ఉమ్మడే. వీధి మలుపు తిరక్కుండానే కారు అద్దాలన్నీ దించేసి, జేబులోంచి ఒక తెల్ల బిళ్ల తీసి చాచాడు.

"బావా, ఒక్కటి వేసుకో."

"ఎందుకురా?"

"ఊరికే. అందరికీ మంచిది."

నాలుక గారికి చటుక్కున వెలిగింది. తెల్ల బిళ్ల వేసుకుంటే గంటల తరబడి నాలుక మొద్దుబారిపోతుంది. ఇక పరీక్షలో పుచ్చకాయా ఒకటే, సుద్దముక్కా ఒకటే.

"నా నాలుక చంపి గెలుద్దామనుకున్నావా? సిగ్గులేదూ నీకు!" అంటూ బిళ్లను రోడ్డు మీదికి గిరాటేశారు. బావమరిది తల బయటపెట్టి బండి నడిపాడు.

ఆఫీసు గుమ్మంలో రిసెప్షన్ అమ్మాయి చెయ్యి బారెడు చాచి, "సార్, బిళ్ల తీసుకోండి" అంది. లిఫ్టులో అకౌంటెంటు ఒక బిళ్ల ఆయన చేతిలో పెట్టి మొదటి అంతస్తులోనే దిగిపోయాడు. అతని సీటు నాలుగో అంతస్తులో. అంటే బావమరిది ఆఫీసునంతా కొనేశాడన్నమాట, దుర్మార్గుడు! నాలుక గారి నెత్తురు సలసలా కాగింది. పరీక్ష మొదలయ్యేదాకా ఆగలేక నేరుగా యజమానురాలి గదిలోకి దూసుకెళ్లారు.

ఏసీ గది, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. బల్ల మీద గిన్నెల్లో రకరకాల బిళ్లలు. పక్కనే, మెట్లెక్కి ముందే చేరిన బావమరిది. నాలుక గారు బల్ల మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగారు.

"హా... మేడమ్! మీ మామగారు మందుల షాపులో దగ్గుకని చేసిన బిళ్ల ఇది! దగ్గు లేనివాళ్లు కూడా ఎగబడి కొంటుంటే ఏమిటా అని ఆరా తీశారు. చూస్తే, గడ్డాలు గీసేవాళ్లు, పళ్ల డాక్టర్లు, మనిషి మొహం మీదికి వంగి పనిచేసేవాళ్లంతానూ!"

"కొంచెం... వెనక్కి..." అన్నారావిడ.

"న్యాయం మాట్లాడేవాణ్ణి, వెనక్కెందుకు వెళ్తాను మేడమ్?" అని ఇంకాస్త వంగారు. "తర్వాత దాల్చినచెక్క తెచ్చాం, నిలబడింది. అల్లం తెచ్చాం, చలికాలం ఆడింది. నారింజ తెచ్చాం, పిల్లలు మిఠాయనుకుని గుప్పిళ్లతో మింగి కడుపునొప్పులు తెచ్చుకున్నారు! ఇప్పుడు హాయిగా ఉన్న తెల్ల బిళ్లను..."

ఆవిడ కుర్చీ చక్రాల మీద వెనక్కి జారి జారి గోడకు కొట్టుకుంది. ఆవిడ చెయ్యి చాచి పుచ్చకాయ బిళ్ల నోట్లో వేసుకున్నారు. లాభం లేకపోయింది. కాఫీ బిళ్ల వేసుకున్నారు, మొహం ఇంకా ముడుచుకుపోయింది. చివరికి రెండు తెల్ల బిళ్లలు ఒకేసారి వేసుకుని, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. బావమరిది అప్పటికే మూడు వేసుకున్నాడు.

"పుచ్చకాయ ఆపేయండి. కాఫీ కూడా ఆపేయండి. ఆపదలో నన్ను కాచింది ఇదొక్కటే" అన్నారావిడ.

తెల్ల బిళ్ల బతికింది. పొద్దుటి నుంచీ దారి పొడుగునా బిళ్లలు ఎందుకిచ్చారో నాలుక గారికి అప్పుడు గానీ తట్టలేదు. అంతమందినీ తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు నిలిచేలోపే బావమరిది గొంతు సవరించుకుని అప్పటికప్పుడు ఒక కథ అల్లాడు.

"మేడమ్, ఇదంతా బావా నేనూ కలిసి వేసిన ప్లానే. ఇకమీద ఏ కొత్త రుచైనా బజారుకెళ్లే ముందు బావ నోటి వాసన మీద గెలవాలి. వారం వారం పెడదాం. వచ్చే రెండేళ్లకు సరిపడా రుచులు నా దగ్గరున్నాయి."

వారం వారం కాఫీ లేని పొద్దు! "ఒరేయ్!" అని గావుకేక పెట్టారు నాలుక గారు. యజమానురాలి చెయ్యీ బావమరిది చెయ్యీ ఒక్కసారే తెల్ల బిళ్లల గిన్నెలోకి వెళ్లాయి.

"మంచి ఆలోచన, అలాగే చేయండి" అన్నారు యజమానురాలు ముక్కు మూసుకుని. "ఆయన్ని మాత్రం ఇకనుంచి నాతో ఫోన్లో మాట్లాడమనండి."